మిలట్రీ మేస్త్రి కట్టిన కప్పు

కొత్త ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు మామూలుగా నేల చూస్తారు. గచ్చు ఎంత నున్నగా ఉంది, వంటగది ఎటుంది, కిటికీ తీస్తే గాలొస్తుందా అని చూస్తారు. నేను పైకి చూస్తాను. మొన్న విజయనగరంలో మా చెల్లెలి కూతురి గృహప్రవేశానికి వెళ్ళాను. అక్కడ పాలు పొంగుతున్నాయి, పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు, నేను హాలు మధ్యలో నిలబడి కప్పును ఈ మూల నుంచి ఆ మూల దాకా చూస్తున్నాను. అక్కడితో ఊరుకున్నానా? గోడ దగ్గరికెళ్ళి వేలి మెటికతో రెండుసార్లు కొట్టి చెవి ఆనించాను.

"ఏటి పెద్దమ్మా, లోపల ఎవులైనా ఉన్నారేటి?" అంది ఆ పిల్ల.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ తరవాత భోజనాలయ్యేదాకా ఒక్కచోట కూర్చోలేకపోయాను. ఆ గోడ కొట్టడం మా తాత అలవాటు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో వేళ్ళమీద లెక్కపెట్టాలి. అలవాటు మాత్రం నా చేతిలో ఉండిపోయింది.

అరవైల చివరి మాట. బొబ్బిలి అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. మా అమ్మా నాన్నా సాలూరు అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునేవాళ్ళు. అక్కడ అయిదో తరగతి దాటితే ఆడపిల్లకు బడి లేదు. అందుకని నన్ను బొబ్బిలిలో అమ్మమ్మా తాతల దగ్గర ఉంచారు. మా తాత తాపీ మేస్త్రి. అంతకుముందు పట్టాలంలో చేరి, బర్మా సరిహద్దు దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. మిలట్రీ మేస్త్రి అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్ళు. నేనూ ఆ పేరుతోనే సరిపెడతాను.

పొట్టి మనిషి. మోకాళ్ళు దిగే ఖాకీ నిక్కరు, సున్నం మరకల బనీను. ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు నడిచేవాడు. అన్నం నిలబడే తినేవాడు. కంచం ఎడమ చేతిలో పెట్టుకుని వాకిలికీ పెరటికీ మధ్య తిరుగుతూ తినేవాడు.

"నీ కాల్ల కింద నిప్పులున్నాయేటి? కూకోని తినరాదా?" అని అమ్మమ్మ రోజూ అనేది.

"కూకుంతే అరగదే," అని ఆయన రోజూ అనేవాడు.

ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ కొట్టేవాడు. మంచినీళ్ళు తరవాత, కుశలప్రశ్నలు ఆ తరవాత. మా పిన్నికి సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా అంతే. పిల్లాడి ఇల్లు చూసి, గోడ కొట్టి, కాబోయే వియ్యంకుడితో, "బావా, కుర్రోడు బంగారం. ఈ గోడే డొల్ల," అనేశాడు. అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. సంబంధం చెడిందనే అందరూ అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే తాపీ, తూకపు గుండు పట్టుకుని బస్సెక్కి వెళ్ళి, అడగకుండానే ఆ గోడ విప్పి మళ్ళీ కట్టి వచ్చాడు. పెళ్ళి జరిగింది. పిన్ని అత్తగారు ఆ గోడనే ఆనుకుని కూర్చునేదట చివరిదాకా.

ఇంకొక వింత ఉంది. ఇంతమందికి ఇళ్ళు కట్టిన మనిషి ఏ ఇంటి కప్పు కిందా నిద్రపోడు. ఎండాకాలమైనా చలికాలమైనా వాకిట్లో నులకమంచమే. వాన వస్తే మంచం మీదే లేచి కూర్చుని, పొలంలో వాళ్ళు వేసుకునే తాటాకు గిడుగు నెత్తిన కప్పుకుని, వాన వెలిసేదాకా అలాగే ఉండేవాడు. "లోపలికి రా తాతా," అంటే, "నీకు తెల్దులే అమ్మా," అనేవాడు. నాకు నిజంగానే తెలీదు. అది కూడా పట్టాలం అలవాటే కాబోలు అనుకునేదాన్ని.

ఆయనకు నేనంటే ఉన్న ఇష్టం నోటితో చెప్పే రకం కాదు. గచ్చకాయల్లో చెప్పేవాడు. ఏ కట్టడం చేసినా అందులోని సున్నం కాస్త తీసి ఉండ చేసేవాడు. దాన్ని తొమ్మిది రోజులు నీడలో ఆరబెట్టి, తరవాత పెరట్లో ముంతెడు నీళ్ళలో వేసేవాడు. కరిగిపోకుండా నిలిస్తే ఆ సున్నం మంచిదని లెక్క. నిలిచిన ఉండను రాతి మీద గుడ్డులా నున్నగా అరగదీసి నాకు ఆడుకోవడానికి ఇచ్చేవాడు. అలా నా దగ్గర నాలుగు చేరాయి. ఒకటి బజారులో బట్టల కొట్టు, ఒకటి ధాన్యం గొడౌను, ఒకటి స్టేషను దగ్గర హోటలు, ఇంకోటి పిన్ని అత్తవారి గోడ. ఆటకు అయిదు కావాలి. అయిదోదానికి చింతపిక్క పెట్టి ఆడేదాన్ని. "అయిదోది మీ బడిదేనమ్మా," అన్నాడు తాత, మా బడి పని ఆయన చేతికి వచ్చిన రోజున.

మా ఆడపిల్లల బడి తాటాకు పాక. నాలుగు చినుకులు పడితే పలకలు నెత్తిన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాలి. ముందటి ఏడు వానాకాలంలో సగం రోజులు బడే లేదు. మా నాన్న ఒకసారి వచ్చి చూసి, "సదువే నేకపోతే ఇక్కడ ఏటి సేస్తాది? తీసుకుపోతాను, కలుపుకైనా పనికొస్తాది," అన్నాడు. తాత అడ్డం పడి ఆపాడు. ఊరివాళ్ళంతా కలిసి పెద్ద గది ఒకటి కట్టిద్దామనుకున్నారు. పని మిలట్రీ మేస్త్రిదే అన్నారు.

మా తాత దగ్గర ఒక మాట అనకూడదు. బేగి. అంటే త్వరగా అని. మా వైపు అందరి నోట్లో అస్తమానూ నలిగే మాటే అది. బేగి రా, బేగి తిను, బేగి తెములు. ఆయన దగ్గర మటుకు అనకూడదు. ఒకసారి ఒక షావుకారు, "మేస్త్రీ, కాస్త బేగి అవగొట్టు," అన్నాడని తాపీ కడిగి సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు. "బేగి కావాలంతే పాక ఏసుకో బాబూ. బేగి కట్టింది బేగి కూల్తాది," అని చెప్పి మరీ వచ్చాడు.

బడికి వేసింది మద్రాసు మిద్దె. దూలాల మీద సన్నటి ఇటుకలు నిలబెట్టి, వాటి మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి జానెడు మందాన పోస్తారు. ఆ తరవాతే అసలు పని. ఆడవాళ్ళు పదిమంది పైన వరసగా కూర్చుని, కరక్కాయా బెల్లమూ నానేసిన నీళ్ళు చల్లుతూ, చేతి దిమ్మిసలతో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కొట్టాలి. తాత లెక్క ఎనిమిది రోజులు. ఆయన కింద నిలబడి ఆ చప్పుడు వినేవాడు. మొదట్లో మెత్తగా బురదలో కొట్టినట్టుంటుంది. సున్నం బిగిసేకొద్దీ చప్పుడు మారుతుంది. కొట్టే జట్టుకు పెద్దగా ఒకావిడ ఉండేది. ఊరందరికీ ఆవిడ అప్పే, అంటే అక్క. ఆవిడ పాట ఎత్తితే తక్కినవాళ్ళ దిమ్మిసలు ఒక్కసారిగా పడేవి.

ఆరో రోజున బడి కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. సోమవారం పెద్దాఫీసరు వస్తున్నాడు, గది తెరవాలి, కొట్టింది చాలు ఆపించమన్నాడు. తాత ఆయన వైపు చూడను కూడా చూడలేదు. అప్పుడే నేను అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది. నాకు నాన్న మాటే గుర్తొస్తోంది. కప్పు లేకపోతే బడి లేదు, బడి లేకపోతే కలుపు.

"బేగి అవగొట్టీ తాతా," అన్నాను. "వానలొచ్చీస్తన్నాయి. బడి మూసీస్తే నాన్న నన్ను తీసుకుపోతాడు."

ప్రెసిడెంటు నవ్వుకున్నాడు, ఇప్పుడు తిట్లు పడతాయని. తాత నన్ను చూశాడు. మబ్బును చూశాడు. ఆ తరవాత పైకి చూసి, "అప్పా, సాయంత్రానికి ఆపీండే," అన్నాడు. మర్నాడు తలుపుల కలప తేవడానికి పార్వతీపురం వెళ్ళి రెండు రోజులకు వచ్చాడు. సోమవారం కొబ్బరికాయ కొట్టి గది తెరిచారు. ఆయన దగ్గర బేగి అని నెగ్గింది లోకంలో నేనొక్కదాన్నే. చాలా రోజులు అది గొప్పగా చెప్పుకుని తిరిగాను.

గచ్చకాయ మాత్రం రాలేదు. "అయిదోదేది తాతా?" అంటే, "ఆరనేదు," అనేవాడు. ఒకనాడు పెరట్లోకి వెళ్ళి ముంతలోకి చూశాను. అడుగున పాలు విరిగినట్టు తెల్లటి ముద్ద. అంతలో తాత వచ్చి ముంత నా చేతిలోంచి లాక్కుని చెట్టు మొదట్లో ఒంపేశాడు. నా మీద ఆయన చెయ్యి అంత విసురుగా పడ్డం అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాటినుంచి బడికి రావడం మొదలుపెట్టాడు.

మొదట గుమ్మంలో నిలబడి కప్పు చూసి వెళ్ళిపోయేవాడు. తరవాత లోపలికొచ్చి గోడలు కొట్టేవాడు. తరవాత చివరి బెంచీ మీద కూర్చుని, టీచరమ్మ పాఠం చెబుతుంటే మెడ వెనక్కి వాల్చి పైకే చూస్తూ ఉండేవాడు. పిల్లలు ఆయనకు కప్పు ఇన్‌స్పెక్టరని పేరు పెట్టారు. ఒకరోజు నా బెంచీని గోడవారకు జరిపాడు. మర్నాడు అందరి బెంచీలూ గోడలవారకు జరిపాడు. గది నడుమ ఖాళీగా ఉండిపోయింది. ఏమిటని ఎవరడిగినా చెప్పడు. ఎలా చెబుతాడు, చెబితే నా పేరు కూడా చెప్పాలిగా. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టిందల్లా సిగ్గు.

ఒక మధ్యాహ్నం ఆయన కర్రతో దూలం పొడిచి చూస్తుంటే వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు రాకు తాతా. నీకు పిచ్చని అందరూ నవ్వుతన్నారు."

టీచరమ్మ నన్ను కసరబోయింది. తాత చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపాడు. "అలగేనమ్మా," అని నాతో అని, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ రాత్రిపూట ఎందుకో మెలకువ వస్తే నాకు మొదట వినిపించేది ఆ 'అలగేనమ్మా' అనే మాటే.

ఆయన మళ్ళీ లోపలికి రాలేదు. కంచె అవతల నిలబడేవాడు. వానలు పట్టుకున్నాయి. నెత్తిన గిడుగు వేసుకుని, బడి వదిలేదాకా అటూ ఇటూ తిరుగుతూ కనిపించేవాడు. కిటికీలోంచి చూడకూడదని ఒట్టు పెట్టుకునేదాన్ని. పది నిమిషాలకోసారి చూసేదాన్ని.

ఇంటికెళ్ళి అమ్మమ్మతో పోట్లాడాను. ఆవిడ చేటలో చోళ్ళు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను చెప్పిందంతా విని, చేట పక్కన పెట్టింది.

"పిచ్చా? కూకో సెప్తాను. ఆల్ది పట్టాలంలో రోడ్లూ వంతెనలూ ఏసే జట్టు. కొండల్లో గొయ్యి తవ్వుకోని, మీద దుంగలు పరిసీసి, మట్టి కప్పీసి, దాన్లో తొంగుంటారంట, పైనించి బాంబులేస్తారనీసి. ఒకనాడు మీ తాతని ఆ కప్పు ఏసీమన్నారు. జల్దీ జల్దీ అని ఆఫీసరు నెత్తిమీద నిలబడ్డాడంట. ఏసీసినాడు. వాన కురిసినాది. ఈయన నీల్లకని ఎల్లినాడు. వొచ్చీసరికి కప్పు నేదు. లోపల ఇద్దరు. ఒకడిది మన సాలూరే."

"బాంబు పడ్డాదా?"

"బాంబేటీ పడనేదు తల్లీ. కప్పే పడ్డాది." మళ్ళీ చేట అందుకుంది. "నాకు ఒక్కపాలే సెప్పినాడు. నాను మల్లా అడగనేదు. నువ్వూ అడక్కు."

నేను అడగలేదు. అడగడానికి మొహం కూడా లేదు. ఆ జల్దీ ఎవరో ఆఫీసరుది, ఈ బేగి నాది. మర్నాడు బడికి వెళ్ళి గోడవార బెంచీలో కూర్చుని నేనూ పైకి చూడ్డం మొదలుపెట్టాను. ఒక్కసారి చూడ్డం మొదలెడితే ఆగదు. దూలాల మధ్య ప్రతి నీడా చెమ్మలాగే కనిపించేది.

మూడు రోజులు ఏకధాటిగా కురిసి నాలుగోరోజు పదకొండింటికి వాన తెరిపిచ్చింది. లెక్కలు చెబుతున్నారు. గుమ్మంలో తాత. చేతిలో గునపం. గిడుగు లేదు, ఒళ్ళంతా తడిసి ఉంది.

"ఫాలిన్!" అని పట్టాలంలో వరస కట్టించే కేక ఒకటి పెట్టాడు.

ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. అర్థం కాకపోయినా అందరం లేచాం. ఇద్దరిద్దరి చొప్పున బయటికి నడిపించి, చింతచెట్టు కింద నిలబెట్టి, తలలు లెక్కపెట్టాడు. టీచరమ్మను కూడా లెక్కపెట్టాడు. తరవాత నిచ్చెన వేసుకుని కప్పెక్కి, సరిగ్గా గది నడిమధ్యన గునపంతో మొదటి పోటు పొడిచాడు.

క్షణాల్లో జనం పోగయ్యారు. ప్రెసిడెంటు పరుగెత్తుకొచ్చి, "ఒరే మేస్త్రీ, నీకేటి పుట్టినాది? దిగు! కొత్త కప్పురా అది!" అని గొంతు చించుకున్నాడు. తాత వినిపించుకోలేదు. పొడుస్తూనే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకుని చప్పుడు వింటున్నాను. ఠంగుమని మోగుతోంది. గునపం ఎగిరిపడుతోంది. పొడిచినకొద్దీ ఆయనకే అనుమానం వచ్చినట్టుంది, పక్కన ఇంకో చోట పొడిచాడు. అక్కడా అంతే. గంటసేపు పొడిస్తే చేటంత మేర సున్నం లేచింది. ఇటుకల దాకా తవ్వి చూసి, లేచిన పెళ్ళను చేత్తో నలిపి, నేలకేసి కొట్టి, ఆఖరికి పంటితో కూడా కొరికి, గునపం వదిలేసి అక్కడే చతికిలపడ్డాడు.

"గట్టిగానే ఉన్నాది," అన్నాడు. ఎవరితోనూ కాదు.

పక్క వీధిలో పని చేస్తున్న అప్ప అప్పుడొచ్చింది, దిమ్మిస భుజాన పెట్టుకుని.

"గట్టిగా ఉండక ఏటవుతాది? ఎనిమిది దినాలు కొడితేని!"

"ఆరుకే ఆపీమన్నాను గదే."

"నువ్వు ఆపీమన్నావు. మా పిల్లగుంటలూ దీని కిందే కూకుంతారు గదా మేస్త్రీ! నువ్వు పార్వతీపురం ఎల్లిన రెండు దినాలూ మేం కొట్టీసినాం. నీ ఎనిమిదీ నిండిపోనాయి."

"మరి సెప్పవేటే?"

"ఆపీమన్నాక కొట్టినామని నీకు సెప్పీదెవులు? తాపీ ఇసిరీవూ మామీద?"

జనం గొల్లుమన్నారు. తాత కప్పు మీద కూర్చుని అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఆ ఉండని ఆరబెట్టనేదే అప్పా! బెంగెట్టుకోని సేసిన దినమే నీల్లలో పడీసినాను. కరిగిపోదేటి మరి!" అని నవ్వడం మొదలుపెట్టాడు. జీవితమంతా బేగి అన్నవాళ్ళని తిట్టిన మనిషి, ఒక్కసారి తనే బేగిరపడి పచ్చి ఉండను ముంచి, అది కరిగిందని నెల్లాళ్ళు నిద్ర మానేశాడు. నవ్వీ నవ్వీ చివరికి ఆ నవ్వు ఏడుపయింది. కింద ఎవరూ అది గమనించనట్టు అటూ ఇటూ చూశారు.

పగలగొట్టిన చోట తరవాత ఆయనే పూడ్చాడు. కానీ అతుకు అతుకే. ప్రతి వానాకాలం అక్కడినుంచి చినుకు చినుకుగా కారేది, కింద బకెట్టు పెట్టేవాళ్ళం. తక్కిన కప్పు ఎక్కడా కారలేదు. తాత కట్టిన వాటిలో కారింది అదొక్కటే, అదీ ఆయన పగలగొట్టిన చోటే.

ఆ మధ్యాహ్నం నిచ్చెన దిగొచ్చి, ప్రెసిడెంటుగారి తిట్లన్నీ అటెన్షన్‌లో నిలబడి విన్నాడు. మేం లోపలికెళ్ళి కూర్చున్నాం. కాసేపటికి గుమ్మంలోకొచ్చి, "టీచరమ్మా, ఒక్క గంట," అన్నాడు. ఆవిడ తలూపింది. లోపలికొచ్చి, ఇన్నాళ్ళుగా తనే ఖాళీ చేయించిన గది నడుమ, సరిగ్గా ఆ పగిలిన చోటు కిందే తలగుడ్డ పరిచాడు. జేబులోంచి కప్పు పెళ్ళ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. గరుకుగా, రాయిలా బరువుగా ఉంది.

"అయిదోది. నువ్వే అరగదీసుకోవాలి."

క్షమించమని అడగాలని ఉంది, ఎలా అడగాలో తెలీదు.

"నాను తొంగుంతానమ్మా," అన్నాడు. "నువ్వు పైకి సూస్తుండు."

పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక. ఇరవై అయిదేళ్ళ తరవాత మా తాత ఒక కప్పు కింద నిద్రపోతున్నాడని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. టీచరమ్మ లెక్కలు గొంతు తగ్గించి చెప్పింది. ఎవరూ కిసుక్కుమనలేదు. నేను మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూనే ఉన్నాను.

బడి గంట కొట్టారు. పిల్లలంతా మునివేళ్ళ మీద ఆయన పక్కనుంచి బయటికెళ్ళారు. టీచరమ్మ నా దగ్గరికొచ్చి, "నువ్వూ ఇంటికెళ్ళమ్మా, ఆయన్ని నేను లేపుతాలే," అంది.

"లేపకండి టీచరమ్మా," అన్నాను, కళ్ళు దించకుండానే. "నాను సూస్తన్నాను."